ఇంట్లో కారు పనులకు కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: మీ నట్టును బట్టి ఎంచుకోవడం ఎలా?

ఇంటి ముందే చక్రాలు విప్పి బ్రేక్ ప్యాడ్లు మార్చుకునేవాళ్లు, టైర్లు ముందూ వెనకా తిప్పి వేసుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "ఏ ఇంపాక్ట్ గన్ (నట్టును వరస దెబ్బలతో తిప్పే యంత్రం, ఇంపాక్ట్ రెంచ్ అన్నా ఇదే) కొనమంటారు?" ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ మీ కారు నట్లు ఎంత బిగువుగా ఉన్నాయో తెలియకుండా చెప్పిన పేరు మీ డబ్బుకు న్యాయం చేయదు. అందుకే ఎంపిక నట్టు దగ్గర మొదలుపెట్టి, కొన్న గన్ను పరీక్షించుకునే వరకు వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ యంత్రాన్ని విప్పడానికి కొనండి. ఆఖరి బిగింపు ఎప్పుడూ టార్క్ రెంచ్‌తోనే, అంటే మనం పెట్టిన బిగువు (టార్క్) రాగానే క్లిక్‌మనే రెంచ్‌తోనే జరగాలి. ఇది ఒప్పుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇక అసలు ఇది మీకు అవసరమా? ఏడాదికోసారి పంచరై స్టెప్నీ మార్చడమే మీ పని అయితే అవసరం లేదు. అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తొడిగే చదరపు కొన) ఉన్న రెండడుగుల పొడవు బ్రేకర్ బార్, మీ నట్టుకు సరిపోయే సాకెట్ ఒకటి డిక్కీలో వేసుకోండి. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, ఎప్పటికీ పాడుకాదు. బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ పనులు సొంతంగా చేసుకునేవాళ్లకు, ఇంట్లో రెండు మూడు కార్లు ఉన్నవాళ్లకు, భుజం నొప్పితో స్పానర్ తొక్కలేనివాళ్లకు గన్ నిజంగా మేలు చేస్తుంది.

దగ్గర ఉండాల్సినవి

- మీ కారు ఓనర్స్ మాన్యువల్ (వీల్ నట్టు టార్క్ అందులో ఉంటుంది)
- కారుతో వచ్చిన ఎల్ స్పానర్, కొలత టేపు
- అర అంగుళం డ్రైవ్ క్లిక్ టార్క్ రెంచ్, సుమారు 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల (టార్క్ కొలమానం) వరకు పలికేది
- నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు
- జాకీ, ఒక జత జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు
- కళ్లకు రక్షణ అద్దాలు, చెవులకు మఫ్‌లు. గన్ మోత మూసిన షెడ్డులో చెవులకు హాని చేసేంత ఉంటుంది.

బడ్జెట్ వేసుకునేటప్పుడు టార్క్ రెంచ్, సాకెట్ల డబ్బు ముందు పక్కన పెట్టి, మిగిలినదానిలో గన్ చూసుకోండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. గన్ మీద అంతా పెట్టి, సాకెట్ల దగ్గరికి వచ్చేసరికి ఉన్నవాటితో సర్దుకుంటారు.

1. మీ నట్టు బిగువు ఎంతో తెలుసుకోండి

మాన్యువల్‌లో వీల్ నట్టు టార్క్ వెతకండి. చాలా హోండా కార్లకు 108 న్యూటన్ మీటర్లు, టయోటాలకు 103, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120, హ్యుందాయ్‌లకు 107 నుంచి 127 వరకు. పాత చిన్న కార్లకు ఇంకా తక్కువ ఉండవచ్చు. అయితే ఇది ఫ్యాక్టరీ లెక్క. టైర్ల షాపులో గాలి గన్‌తో బిగించిన నట్టు దీనికి రెండింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు కూడా దానికి తోడవుతుంది.

కాబట్టి నిజం తెలుసుకోవాలి. దానికి యంత్రం అక్కర్లేదు, మీ బరువు చాలు.

కారు నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఎల్ స్పానర్‌ను నట్టుకు పూర్తిగా దిగేలా తొడిగి, పిడి ఎడమ వైపుకు అడ్డంగా వచ్చేలా పెట్టండి. నట్టు మధ్య నుంచి మీరు పాదం ఆనించే చోటుకు ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. కారు పైభాగాన్ని పట్టుకుని, నెమ్మదిగా బరువు వేయండి. ఎగిరి దూకవద్దు. స్పానర్ జారితే మోకాలి చిప్పకో పంటికో దెబ్బ తగులుతుంది.

లెక్క ఇది: మీ బరువును 9.8తో, తర్వాత మీటర్లలో పొడవుతో గుణించండి. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల దగ్గర పూర్తి బరువు వేస్తే 60 × 9.8 × 0.3, అంటే సుమారు 176 న్యూటన్ మీటర్లు.

- సగం బరువుకే కదిలితే మీ నట్టు 100కు అటూ ఇటూ ఉంది. ఆరోగ్యకరమైన బిగువు.
- పూర్తి బరువు వేస్తే కదిలితే 150 నుంచి 200.
- పూర్తి బరువుకీ కదలకపోతే అంతకంటే ఎక్కువ, లేదా తుప్పు పట్టేసింది.

నాలుగు చక్రాల్లోనూ ఒక్కో నట్టు ఇలా చూసి, ఎక్కువ వచ్చిన అంకె రాసిపెట్టుకోండి. పరీక్ష కోసం సడలించిన నట్లన్నీ వెంటనే మాన్యువల్ టార్క్‌కు బిగించండి.

2. పెట్టె మీది టార్క్ అంకెను సరిగ్గా చదవండి

ఒకే గన్‌కు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి బిగించే టార్క్. రెండోది బిగిసిన నట్టును కదిలించే టార్క్, అమ్మేవాళ్లు దీన్ని నట్ బస్టింగ్ అనో బ్రేక్‌అవే అనో అంటారు. రెండోది ఎప్పుడూ పెద్దదే. మకీటా డీటీడబ్ల్యూ 300కి బిగించేది 330, విప్పేది 580. డివాల్ట్ డీసీఎఫ్ 899కి 950, 1,625. పెట్టె మీద ఒకే ఒక అంకె పెద్ద అక్షరాలతో ఉంటే అది పెద్ద అంకేనని అనుకుని సగానికి తగ్గించి చూడండి.

ఇంకో చిక్కు కొలమానాలది. కొన్ని పెట్టెల మీద అడుగు-పౌండ్లు ఉంటాయి. వాటిని 1.36తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 300 అడుగు-పౌండ్లంటే సుమారు 407. పాత మాన్యువళ్లలో కిలోగ్రామ్-మీటర్లు ఉంటాయి, వాటిని 9.8తో గుణించండి.

నేను పాటించే కొలత: గన్ బిగించే టార్క్ మీ మాన్యువల్ వీల్ నట్టు టార్క్‌కు మూడింతలైనా ఉండాలి. 110 అయితే 330. మూడింతలు ఎందుకంటే, కంపెనీ చెప్పే అంకె నిండు బ్యాటరీతో, కొన్ని సెకన్లు ఆగకుండా కొట్టించాక వచ్చేది. మీ పోర్టికోలో బ్యాటరీ సగం ఉంటుంది, మధ్యలో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, నట్టుకు తుప్పు ఉంటుంది. ఒక్కో దగ్గర కొంత బలం పోతుంది.

ఈ లెక్కన ఎక్కువ ఇళ్లకు 300 నుంచి 400 న్యూటన్ మీటర్ల గన్ చాలు. మకీటా డీటీడబ్ల్యూ 300, బాష్ జీడీఎస్ 18వీ-400 ఈ తరగతివే. చక్రాలు, బ్రేక్ కాలిపర్ బ్రాకెట్ బోల్టులు, షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు వీటితో వస్తాయి. డ్రైవ్ షాఫ్ట్ చివరి నట్టు, క్రాంక్ పుల్లీ బోల్టు రాకపోవచ్చు. ఆ రెంటి కోసం 1,000 న్యూటన్ మీటర్ల గన్ కొనాలా? నా ఉద్దేశంలో వద్దు. ఆ పనులు కారు జీవితంలో ఒకటి రెండుసార్లు వస్తాయి. ఆ గన్ బ్యాటరీతో మూడు కిలోలు దాటుతుంది, చక్రం వెనక సందులోకి పోదు. పైగా 10, 12 మిల్లీమీటర్ల బోల్టును చేతికి తెలియకుండానే తెంపేస్తుంది.

1వ మెట్టులో మీ బరువుకు నట్టు కదలకపోయినా వెంటనే పెద్ద గన్ వైపు వెళ్లవద్దు. ఆ నట్లను బ్రేకర్ బార్‌తో ఒకసారి విప్పి, మరలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, సరైన టార్క్‌కు బిగించండి. తర్వాత చిన్న గన్నే వాటిని విప్పుతుంది.

3. డ్రైవ్ సైజు: అర అంగుళం

దీనిమీద ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. కారుకు అర అంగుళం చదరపు డ్రైవ్ తీసుకోండి. మూడెనిమిదుల అంగుళం ఇంజన్ చుట్టూ పనులకు బాగుంటుంది, రెండో గన్‌గా తర్వాత కొనవచ్చు. ముప్పావు అంగుళం లారీలకు. పావు అంగుళం హెక్స్ ఉన్న ఇంపాక్ట్ డ్రైవర్ స్క్రూలకు ఉద్దేశించింది. దానికి అడాప్టర్ పెట్టి వీల్ నట్టు విప్పాలని చూస్తే ముందు అడాప్టర్ విరుగుతుంది.

డ్రైవ్ చివర సాకెట్ ఊడకుండా ఆపేది చూడండి. చుట్టూ ఉంగరం లాంటి రింగు ఉంటే సాకెట్ లాగితే వస్తుంది. పిన్ను ఉంటే ప్రతిసారీ దాన్ని నొక్కి తీయాలి. ఇంటి పనికి రింగు సుఖం.

4. బ్యాటరీ: మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే

18 వోల్టులు, 20 వోల్టులు మ్యాక్స్, 21 వోల్టులు. ఈ మూడూ చాలావరకు ఒకే బ్యాటరీ. లోపల వరసగా ఐదు లిథియం సెల్లులు ఉంటాయి. ఒక్కోదాని సగటు వోల్టేజీ 3.6 కనుక ఐదింటికి 18. నిండా ఛార్జ్ చేసిన క్షణంలో ఒక్కోటి 4 దాటి 4.2 వరకు చేరుతుంది కనుక ఐదింటికి 20 లేదా 21. 21 అని ఉన్నది 18 కంటే బలమైనదని ఎవరైనా చెబితే నమ్మకండి.

చవక గన్ల మీద 48, 88, 128 అని పెద్ద అంకె వేసి పక్కన ఏవో అక్షరాలు తగిలిస్తారు. అవి వోల్టులు కావు. బ్యాటరీ వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న వోల్టులు, యాంపియర్ అవర్లు మాత్రమే లెక్క.

యాంపియర్ అవర్లు ఎంత ఉండాలి? 4 లేదా 5 తీసుకోండి. ఎక్కువసేపు పనిచేస్తుందని మాత్రమే కాదు. మామూలు సెల్లులతో చేసిన 2 యాంపియర్ అవర్ల ప్యాకులో ఐదు సెల్లులే ఉంటాయి, 4, 5 ప్యాకుల్లో పది ఉంటాయి. గన్ గట్టిగా కొట్టేటప్పుడు ఐదు సెల్లుల మీద పడే భారం పదికి పంచుకుంటే వోల్టేజీ పడిపోదు, టార్క్ నిలుస్తుంది. ఒకే గన్ చిన్న బ్యాటరీతో మొరాయించి, పెద్ద బ్యాటరీతో అదే నట్టు విప్పడం మీరే చూస్తారు.

ఇంట్లో ఇప్పటికే కార్డ్‌లెస్ డ్రిల్లు ఉంటే, ముందు ఆ కంపెనీ గన్ చూడండి. బ్యాటరీ కలిస్తే గన్ ఒక్కటే కొంటే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. కంపెనీల మధ్య బ్యాటరీలు కలవవు. ఒకే కంపెనీలో 12 వోల్టులవి 18కి కలవవు.

అమెరికా నుంచి పిల్లలతోనో అన్నదమ్ములతోనో తెప్పించుకునేవాళ్లకు మూడు జాగ్రత్తలు. అక్కడి ఛార్జర్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి. ఛార్జర్ ఇక్కడే కొనండి, లేదా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. రెండోది, విడి బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే రావాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు వాటికి ఇబ్బంది ఉండదు: 18 వోల్టులు, 5 యాంపియర్ అవర్లంటే 90. అదే 6 అయితే 108, దానికి విమాన సంస్థ అనుమతి కావాలి. మూడోది, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

5. చేతిలోకి తీసుకుని చూడండి

ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ముందు ఒక దుకాణంలో పట్టుకుని చూడండి. సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కౌంటర్ మీదే చూపిస్తారు. బ్యాటరీ తగిలించి, చేయి చాచి, భుజం ఎత్తులో అర నిమిషం పట్టుకోండి. చేయి వణికితే తేలికైన మోడల్ అడగండి.

ట్రిగ్గర్ కొద్దిగా నొక్కితే నెమ్మదిగా, గట్టిగా నొక్కితే వేగంగా తిరగాలి. ఒకే వేగం ఉన్నది వద్దు. కనీసం రెండు మూడు స్పీడు మెట్లు ఉండాలి. రివర్స్‌లో నట్టు సడలగానే వేగం తగ్గించే లేదా ఆపేసే సదుపాయం ఉంటే చాలా మంచిది, నట్టు ఎగిరి డ్రైనేజీలో పడదు. మోటారు బ్రష్‌లెస్ అయి ఉండాలి. బ్రష్‌లు అరిగే బాధ తప్పుతుంది, అదే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ట్రిగ్గర్ వదిలినప్పుడు గాలి సందుల్లో నీలి మెరుపులు కనిపిస్తే, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా అది బ్రష్ మోటారే.

పేరున్న కంపెనీ గన్ రెండు బ్యాటరీలతో, ఛార్జర్‌తో ఖరీదుగానే పడుతుంది. పేరు తెలియనివి చాలా తక్కువకే వస్తాయి. అవి అసలు పనికిరావని అనను. ఏడాదికి రెండుసార్లు చక్రాలు విప్పడానికి కొన్ని బాగానే పనికొస్తాయి. కానీ రెండేళ్ల తర్వాత బ్యాటరీ పోతే అదే బ్యాటరీ మళ్లీ దొరుకుతుందా అని అడగండి. అమ్మేవాడు తడబడితే వదిలేయండి. కరెంటు ప్లగ్గు ఉన్న పోర్టికోలోనే ఎప్పుడూ పని చేసేవాళ్లు వైరున్న ఇంపాక్ట్ రెంచ్ తీసుకోవచ్చు. తక్కువ ధరకు నిలకడైన బలం వస్తుంది. కారు లైటర్ సాకెట్‌కు తగిలించే 12 వోల్టుల రకం మాత్రం వద్దు.

6. సాకెట్లు: నల్లవే వాడండి

మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనిముట్లకు చేసినవి. గన్ దెబ్బలకు అవి పగిలి ముక్కలు కంటి వైపు ఎగురుతాయి. క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో చేసిన నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. లోపల ఆరు మూలలు ఉన్నవి తీసుకోండి, పన్నెండు మూలలవి నట్టు అంచులను గుండ్రం చేస్తాయి. మన కార్లలో ఎక్కువగా కనిపించే సైజులు 17, 19, 21. అల్లాయ్ చక్రాలు ఉంటే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న పలుచటి లోతు సాకెట్లు తెచ్చుకోండి, గీతలు పడవు. ఎక్స్‌టెన్షన్ రాడ్ కూడా ఇంపాక్ట్ రకమే అయి ఉండాలి.

7. వాపసు గడువు ముగియకముందే పరీక్షించండి

మొదటి పరీక్ష: చక్రం నేల మీద ఉండగా నట్లన్నీ టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకు బిగించండి. గన్ పెట్టి ఒక్కొక్కటి సడలించండి. ఒకటి రెండు సెకన్లలో కదలాలి. మళ్లీ బిగించి, బ్యాటరీ ఒక్క దీపానికి వచ్చాక ఇదే చేయండి. అప్పుడూ నాలుగైదు సెకన్లలోపు రావాలి. రాకపోతే ఆ గన్ మీ కారుకు చిన్నది, వాపసు ఇవ్వండి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం, చాలామంది చేయరు. నట్టును చేత్తో ఆఖరి వరకు తిప్పి, గన్‌ను అతి తక్కువ మెట్టులో పెట్టి, టకటక మోత మొదలయ్యాక ఒక్క సెకను మాత్రం కొట్టించండి. ఇప్పుడు టార్క్ రెంచ్‌ను 40 దగ్గర పెట్టి బిగించే వైపు లాగండి. నట్టు కదలకుండానే క్లిక్‌మంటే 50కి పెంచండి, తర్వాత 60. ఏ అంకె దగ్గర క్లిక్‌కు ముందే నట్టు కొద్దిగా తిరుగుతుందో, ఒక్క సెకనులో మీ గన్ ఇచ్చే బిగువు సుమారు అంత. మాన్యువల్ అంకె చేరినా నట్టు కదలకపోతే అక్కడే ఆపి, ఆ నట్టును సడలించి సరైన టార్క్‌కు బిగించండి. ఈ అంకెను టేపు మీద రాసి గన్‌కు అతికించండి. కనిష్ఠ మెట్టులోనే ఒక్క సెకనుకు మాన్యువల్ టార్క్ దాటిపోతుంటే, చక్రాలు బిగించేటప్పుడు మోత మొదలుకాకముందే ట్రిగ్గర్ వదలాలి.

8. విప్పడం, బిగించడం

గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎదురు చక్రానికి దిమ్మె పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త సడలించి, తర్వాత జాకీ ఎత్తండి. కారు కిందకు చేయి పోవాల్సిన పని ఏదైనా జాక్ స్టాండ్ పెట్టాకే. చున్నీ, వదులు చొక్కా చేతులు గన్ దగ్గరకు రానివ్వవద్దు.

ఐదారు సెకన్లకు నట్టు రాకపోతే ఆపండి. తుప్పు విడిచే నూనె చల్లి రాత్రంతా వదిలి, పొద్దున ముందు బిగించే వైపు ఒక్క దెబ్బ, తర్వాత విప్పే వైపు కొట్టించండి. ఆగకుండా కొడితే మరలు వేడెక్కి పట్టేస్తాయి, గన్ కూడా వేడెక్కుతుంది.

బిగించేటప్పుడు ప్రతి నట్టునూ చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కించాలి. చేత్తో ఎక్కని నట్టు మర తప్పిందని అర్థం. గన్ దాన్ని బలవంతంగా ఎక్కిస్తుంది, మరలు పోతాయి, స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) మార్చాల్సి వస్తుంది. నట్లు చక్రానికి ఆనేవరకు కనిష్ఠ మెట్టులో గన్ వాడి, కారు దించి, ఎదురెదురుగా ఉన్న నట్ల వరసలో టార్క్ రెంచ్‌తో క్లిక్ వచ్చేవరకు బిగించండి. ఒకసారి క్లిక్ వస్తే చాలు, మళ్లీ మళ్లీ లాగితే బిగువు పెరుగుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి.

గన్ తాకకూడని చోట్లు

స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు, అల్యూమినియంలోకి దిగే ఏ బోల్టైనా, ప్లాస్టిక్ కవర్ల స్క్రూలు, బ్రేక్ కాలిపర్ గైడ్ పిన్ బోల్టుల బిగింపు. డ్రెయిన్ బోల్టు టార్క్ చాలా కార్లలో 30, 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. గన్ రెండు దెబ్బల్లో దాన్ని దాటేస్తుంది, ఆయిల్ పాన్ మరలు చేతికి వస్తాయి. ఇవన్నీ మామూలు రాట్చెట్‌తో చేయండి.

బ్యాటరీని ఉంచే చోటు

వేసవిలో రెంటచింతల, రామగుండం వైపు ఎండకు డిక్కీలో వదిలేసిన బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. ఇంట్లో నీడలో, సగం ఛార్జ్‌తో ఉంచండి. పని అవ్వగానే వేడి బ్యాటరీని ఛార్జర్‌లో పెట్టవద్దు. చాలా కంపెనీల సూచనల్లో ఛార్జింగ్‌కు 40 డిగ్రీల పరిమితి ఉంటుంది. మే నెలలో అయితే రాత్రి చల్లబడ్డాక పెట్టండి. నెలల తరబడి వాడకపోతే మూడు నెలలకోసారి దీపాలు చూసి, ఒక్కటే వెలుగుతుంటే సగం వరకు నింపండి. టార్క్ రెంచ్‌ను కూడా పని అయ్యాక దాని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు బలం తగ్గి తప్పు చెబుతుంది.